ఉన్న కారు అమ్మాలా, ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాలా?

పెర్ఫార్మెన్స్ కారు అంటే పెద్ద కారు కాదు, ఖరీదైన కారు కూడా కానక్కర్లేదు. ఇంజిన్ బలం, బ్రేకులు, సస్పెన్షన్ రోజువారీ అవసరానికి మించి ఉండి, నడపడమే ఒక సరదాగా అనిపించే కారును అలా పిలుస్తారు. భారతీయ మార్కెట్లో ఈ కోవకు చెందినవి కొద్దే. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015లో 145 హార్స్‌పవర్‌తో వచ్చిన అబార్త్ పుంటో, 2021 నాటి ఐ20 ఎన్ లైన్, 2022 నుంచి అమ్ముతున్న 150 హార్స్‌పవర్ వర్టస్ జీటీ అందులో అందుబాటు ధరవి. వాటికి పైమెట్టున స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, బీఎండబ్ల్యూ ఎం340ఐ లాంటివి ఉంటాయి. 2020లో ఆక్టేవియా ఆర్ఎస్ 245 దేశం మొత్తానికీ వచ్చింది 200 కార్లే. ఇలాంటివి కొత్తగా కొనే తాహతు అందరికీ ఉండదు, తాహతు ఉన్నా తయారీ ఆగిపోయిన మోడల్ కొత్తది దొరకదు. అందుకే ఇష్టపడేవాళ్లలో ఎక్కువమంది సెకండ్ హ్యాండ్ వైపే చూస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్న మామూలు కారు సంగతి తేల్చాల్సి వస్తుంది. దాన్ని డీలర్‌కు ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వాలా, విడిగా అమ్మి డబ్బు చేత పట్టుకుని వెళ్లాలా, లేక ఉంచుకోవాలా?

హైదరాబాద్‌కు పడమర మొయినాబాద్, చేవెళ్ల వైపు ఉండేవాళ్ల విషయంలో ఈ మూడో ప్రశ్ననే ముందుగా చూడాలి. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్లే బీజాపూర్ రోడ్డు 163వ నంబరు జాతీయ రహదారి. ఇరుపక్కలా వందలాది పాత మర్రిచెట్లు ఉండటంతో దాని విస్తరణ జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నలిగింది. రెండు వరుసల ఇరుకు రోడ్డు మీద కంకర టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, తెల్లవారుజామున కూరగాయలు తెచ్చే ఆటోలు, శని ఆదివారాల్లో ఫామ్‌హౌస్‌లకూ అనంతగిరికీ పోయే కార్లు అన్నీ కలిసే నడుస్తాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. 230 హార్స్‌పవర్ ఉన్న కారు ఈ రోడ్డు మీద ఎవరినీ తొందరగా ఇంటికి చేర్చదు. దాని సత్తా కనబడేది అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాకే. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద కూడా అత్యధిక వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు.

పెర్ఫార్మెన్స్ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి, వాటి టైర్ల అంచులు పలచగా ఉంటాయి. ఊళ్లో వేసుకున్న స్పీడ్ బ్రేకర్లకు, తోట దాకా వెళ్లే మట్టి బాటకు అవి పనికిరావు. ఇంటికి అదొక్కటే కారైతే ఎరువుల బస్తా తేవడానికో, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవడానికో మరో బండి అడుక్కోవాల్సి వస్తుంది. అయితే మణికొండ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు లేని సౌకర్యం ఒకటి చేవెళ్ల ఇంటికి ఉంది. వాకిట్లో రెండు కార్లు నిలపడానికి చోటు ఉంటుంది. ఎనిమిదేళ్ల నాటి డీజిల్ స్విఫ్ట్ అమ్మితే వచ్చే మూడు నాలుగు లక్షలు కొత్త కొనుగోలుకు కీలకం కానప్పుడు, ఆ స్విఫ్ట్‌ను ఉంచుకోవడమే మేలు. ఆ డబ్బు లేకపోతే కొనడం కుదరనివాళ్లకే అమ్మకమా, ఎక్స్ఛేంజా అన్న చర్చ వర్తిస్తుంది.

ఉన్న కారు వదిలించుకోవడానికి దారులు మూడు. ఒకటి, కొనబోయే కారు ఎవరి దగ్గర ఉందో ఆ డీలర్‌కే, అంటే ఊళ్లో కన్సల్టెన్సీ అని పిలిచే దుకాణానికే పాతది ఇచ్చి పై సొమ్ము కట్టడం. రెండు, కార్స్24, స్పిన్నీ లాంటి కంపెనీలకో, మారుతి ట్రూ వ్యాల్యూ లాంటి షోరూం విభాగానికో అమ్మడం. మూడు, తెలిసినవాళ్ల ద్వారానో ఆన్‌లైన్ ప్రకటన ద్వారానో నేరుగా వాడుకునే మనిషికే అమ్మడం. మొదటిదాంట్లో శ్రమ తక్కువ, మూడోదాంట్లో ధర ఎక్కువ, రెండోది సాధారణంగా ఆ రెంటికీ మధ్యన ఉంటుంది.

ఎక్స్ఛేంజ్‌లో తిరకాసు రెండు ధరలు ఒకే బేరంలో కలిసిపోవడం. పాత కారుకు బయట ఎవరూ ఇవ్వని రేటు ఇస్తున్నట్టు చూపి, అమ్మే కారు ధరలో పైసా తగ్గించకపోతే కొనేవాడికి మిగిలేది సంతోషమే. ఒక ఉదాహరణ తీసుకుందాం. డీలర్ దగ్గర ఆక్టేవియా ఆర్ఎస్ ధర 17 లక్షల 50 వేలు. పాత ఐ20కి 5 లక్షల 20 వేలు కడతానన్నాడు. పైన ఇవ్వాల్సింది 12 లక్షల 30 వేలు. అదే డీలర్‌ను ఎక్స్ఛేంజ్ మాట ఎత్తకుండా, పూర్తి డబ్బు సిద్ధంగా ఉందని అడిగితే 16 లక్షల 90 వేలకు దిగాడు. ఐ20 బయట 4 లక్షల 90 వేలకే పోయింది. అయినా జేబులోంచి పోయేది 12 లక్షలే. పాత కారు 30 వేలు తక్కువకు అమ్మి కూడా మొత్తం మీద 30 వేలు మిగిలాయి. కాబట్టి పోల్చాల్సింది పాత కారుకు ఎవరు ఎంత ఇస్తామన్నారని కాదు, చివరికి పైన ఎంత కట్టాలన్నది. కొనే కారు ధర ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఎక్స్ఛేంజ్ మాట ఎత్తితే ఈ లెక్క దానంతట అదే బయటపడుతుంది.

డీలర్ తక్కువ ఇవ్వడానికి అత్యాశ ఒక్కటే కారణం కాదు. పాత వాహనాలు అమ్మే రిజిస్టర్డ్ వ్యాపారులు తమ లాభం మీద జీఎస్టీ కట్టాలి. చిన్న కార్లకు 12 శాతంగా ఉన్న ఆ పన్నును 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం అన్నిటికీ 18 శాతం చేయాలని నిర్ణయించింది. 2025 జనవరి 16 నుంచి అది అమలులో ఉంది. నాలుగున్నర లక్షలకు కొన్న కారును 5 లక్షల 20 వేలకు అమ్మితే తేడా 70 వేల మీద 12,600 పన్ను. దానికి తోడు పాలిష్, చిన్నచిన్న మరమ్మతులు, కారు అమ్ముడుపోయేదాకా పెట్టుబడి మీద వడ్డీ. ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి ఈ జీఎస్టీ లేదు. సొంత వాడకపు కారు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు గనుక అమ్మినవాడికి ఆ పన్ను బాధ కూడా లేదు.

అమెరికాలో ఉండే బంధువుల సలహా ఇక్కడ తప్పుదోవ పట్టించవచ్చు. టెక్సాస్‌లో కారు కొంటే 6.25 శాతం అమ్మకపు పన్ను పాత కారు విలువ తీసేయగా మిగిలిన మొత్తం మీదే పడుతుంది. 30 వేల డాలర్ల కారుకు 10 వేల డాలర్ల పాత కారు ఇస్తే పన్నులోనే 625 డాలర్లు కలిసొస్తుంది. అందుకే డల్లాస్‌లో ఉన్నవాళ్లు ఎక్స్ఛేంజే లాభం అంటారు. కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు. తెలంగాణలో అసలు ఆ ప్రశ్నే రాదు. జీవిత పన్నుకూ ఎక్స్ఛేంజ్‌కూ సంబంధం లేదు. కొత్త కార్ల కంపెనీలు ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్ కూడా కొత్త కారు కొన్నవాళ్లకే.

ధరలు ఈ మధ్య ఒకసారి కిందికి జరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు చౌకైతే పాత కారును పాత రేటుకు ఎవరూ కొనరు. అంతకుముందు విన్న ధరను మనసులో పెట్టుకుని కూర్చున్నవాళ్ల బేరాలు తెగలేదు. సంవత్సరం మారడం మరో మలుపు. డిసెంబరులో అడిగిన కారును జనవరిలో ఒక ఏడాది పాతదిగా లెక్కగడతారు. ఇక ఆషాఢం, మూఢాలు వస్తే బండి ఇంటికి తెచ్చుకోవడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. దసరా ముందు కొనుగోళ్లు ఊపందుకుంటాయి, చిలుకూరు బాలాజీ గుడి దగ్గర పూజకు వచ్చే బండ్లు పెరుగుతాయి. మామూలు కారును ఆషాఢానికి ముందే అమ్మి, పెర్ఫార్మెన్స్ కారును ఆషాఢంలోనే బేరమాడటం పట్టింపు లేనివాళ్లకు రెండు విధాలా కలిసొచ్చే పని.

అమ్మకం ముందా, కొనుగోలు ముందా అనేది కొనబోయే కారు ఎంత అరుదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు కార్ల వ్యాపారంలో ఈ తేడా కనబడదు, పెర్ఫార్మెన్స్ కార్లలో ఇదే ప్రధానం. మంచి సర్వీస్ రికార్డు ఉన్న, ఎవరూ కెలకని ఆర్ఎస్ కావాలంటే నెలలు పడుతుంది. దొరికినప్పుడు అది ఎక్కువగా మరో ఔత్సాహికుడి ఇంట్లోనే ఉంటుంది, హైదరాబాద్‌లో కాకపోతే బెంగళూరులోనో పుణెలోనో. అతనికి ఐ20 ఎక్స్ఛేంజ్‌తో పనిలేదు. ఎవరు ముందు డబ్బు చూపితే వాళ్లకే ఇస్తాడు. కాబట్టి ఉన్న కారు ముందే అమ్మి డబ్బు బ్యాంకులో ఉంచుకున్నవాడికి ఇక్కడ పైచేయి. రోజుకు పది దొరికే పోలో జీటీ లాంటిదైతే తొందర లేదు, కావాల్సింది చూసుకుంటూనే పాతది అమ్మవచ్చు. ముందే అమ్మితే మధ్యలో కొన్ని వారాలు కారు ఉండదు. మెహిదీపట్నం బస్సులూ, ఇంట్లో ఒక మోటారుసైకిలూ ఉన్న మొయినాబాద్ కుటుంబానికి అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది మరోటి. చేతిలో డబ్బు, వాకిట్లో ఖాళీ కనబడుతుంటే ఓపిక తగ్గి, రెండో వారంలోనే ఏదో ఒక కారు కొనేసే అవకాశం ఎక్కువ.

ముందే అమ్మడానికి బీమాలో కూడా ఒక బలమైన కారణం ఉంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ ఒక్కో ఏడాదికీ 20, 25, 35, 45 శాతంగా పెరిగి అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. అది కారుకు చెందదు, యజమానికి చెందుతుంది. కారు అమ్మాక పాత బీమా కంపెనీని అడిగి ఆ బోనస్ నిలుపుకుంటున్నట్టు ఉత్తరం తీసుకుంటే మూడేళ్లలోపు మరో కారు పాలసీకి వాడుకోవచ్చు. పెర్ఫార్మెన్స్ కారుకు సొంత నష్టం ప్రీమియం 40 వేలు అనుకుంటే అందులో 20 వేలు తగ్గినట్టే. పాత కారు ఇంకా పేరు మీదే ఉన్నంత కాలం ఆ బోనస్ దానికే అంటుకుని ఉంటుంది, కొత్తదానికి రాదు. పాత కారును డీలర్‌కు ఎక్స్ఛేంజ్‌లో అప్పగించే హడావుడిలో ఈ ఉత్తరం అడగడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. కొన్న కారు పాలసీని కూడా 14 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే థర్డ్ పార్టీ బీమా ఉంటుంది గానీ, సొంత కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ రాకపోవచ్చు.

ధర కంటే పెద్ద విషయం ఆర్సీ మీద పేరు. కారు చేయి మారినా పేరు మారకపోతే చట్టం దృష్టిలో యజమాని పాతవాడే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో కారు 2007లో అమ్ముడుపోయి ఆ తర్వాత మరికొందరి చేతులు మారింది. 2009లో ప్రమాదం చేసింది. రికార్డులో మాత్రం మొదటి అమ్మకందారు పేరే ఉంది. నష్టపరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తేల్చింది. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన ఐ20 కూడా చేతులు మారిన పాత కారే. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వెళ్లింది రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషి దగ్గరికి. ఇక్కడ సాధారణంగా జరిగేది దీనికంటే చిన్నది. అమ్మేసిన కారు మీద ఓవర్ స్పీడ్ చలాన్లు పాత యజమాని ఫోన్‌కు వస్తూ ఉంటాయి.

మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అందుకు 29, 30 నంబరు ఫారాలు వాడతారు. నేరుగా అమ్మేటప్పుడు ఆ ఫారాల మీద సంతకాలు చేయించి ఇవ్వడంతో పని అయిపోయినట్టు కాదు. స్లాట్ బుక్ చేసి, పేరు మారినట్టు ఆన్‌లైన్‌లో కనబడేదాకా బేరం తెగనట్టే లెక్క. డీలర్లకు ఇచ్చే కార్ల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనలు మారాయి. అధీకృత డీలర్ కారు తీసుకున్నట్టు 29సీ ఫారంలో పోర్టల్‌లో నమోదు చేస్తే, అప్పటి నుంచి దాని బాధ్యత అతనిదే అవుతుంది. ఆ కారును అతను టెస్ట్ డ్రైవ్‌కో, మరమ్మతుకో, తనిఖీకో తప్ప తిప్పకూడదు. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లేవాడు ధర కంటే ముందు అడగాల్సింది ఆ డీలర్‌కు రవాణా శాఖ ఇచ్చిన అధీకృత ధ్రువపత్రం ఉందా అని. లేదంటే పాత కారు ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఏడాది దాకా తెలియని పరిస్థితి రావచ్చు. ఎక్స్ఛేంజ్ వద్దనడానికి ఇదొక్కటే చాలు.

పాత కారు మీద అప్పు ఇంకా ఉంటే లెక్క మారుతుంది. ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నంతవరకు పేరు మార్పు కుదరదు. బాకీ తీర్చి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, 35వ నంబరు ఫారం తెచ్చుకుని హైపోథికేషన్ తీసేయించాలి. నేరుగా కొనేవాడు ముందే డబ్బు ఇచ్చి ఆ తతంగం కోసం ఎదురుచూడడానికి భయపడతాడు. అది సహజమే. డీలరైతే ఆ బాకీ తానే కట్టి మిగిలింది చేతికిస్తాడు. అప్పు ఉన్న కారుకు కొంత తక్కువ వచ్చినా ఎక్స్ఛేంజ్‌ను తోసిపుచ్చలేం. సెకండ్ హ్యాండ్ కార్ల అప్పుకు వడ్డీ కొత్త కారు అప్పు కంటే ఎక్కువ ఉంటుందనీ, కారు వయసు పెరిగేకొద్దీ బ్యాంకులు వెనక్కి తగ్గుతాయనీ గుర్తుంచుకుంటే పాత కారు అమ్మిన సొమ్మంతా కొనుగోలుకే పెట్టేయడం తెలివైన పని కాదని అర్థమవుతుంది. పలచటి వెడల్పాటి టైర్లు నాలుగు, బ్రేక్ డిస్కులు, టర్బో, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లోని మెకట్రానిక్ యూనిట్, వీటిలో ఏది పోయినా ఖర్చు వేలల్లో ఆగదు. అలాంటి మరమ్మతు ఒకటి భరించేంత సొమ్ము పక్కన పెట్టాకే బేరం మొదలుపెట్టాలి.

బయటి రాష్ట్రం కారైతే మరో లెక్క. 12 నెలలకు మించి తెలంగాణలో తిప్పాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, కారు విలువనూ వయసునూ బట్టి జీవిత పన్ను కట్టాలి. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ వాహనాల మీద వచ్చిన కోర్టు ఆంక్షల వల్ల అక్కడి కార్లు చౌకగా కనబడతాయి. పన్ను, రవాణా కలిపితే ఆ చౌక చాలాసార్లు కరిగిపోతుంది. ఇప్పటికే సొంత పేరున వాహనం ఉన్నవాళ్లు కొత్తగా రిజిస్టర్ చేసే రెండో వాహనానికి 2 శాతం ఎక్కువ జీవిత పన్ను కట్టాలన్న నిబంధన ఉంది. అది తమకు వర్తిస్తుందో లేదో రంగారెడ్డి జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, పాత కారు పేరు మార్పు ముందే పూర్తి చేయడం మంచిది.

అమ్ముతున్నదే పెర్ఫార్మెన్స్ కారైతే, అంటే పోలో జీటీ ఇచ్చి ఆర్ఎస్ కొనాలనుకుంటే, ఎక్స్ఛేంజ్ అన్నిటికంటే నష్టం. వ్యాపారుల ధరల పట్టికలో అది మరో పోలో మాత్రమే. పూర్తి సర్వీస్ రికార్డుకు విలువ కట్టేది మరో ఔత్సాహికుడే. మార్పులు చేసిన కారైతే విడిభాగాలు తీసి కంపెనీ భాగాలు తిరిగి బిగించి అమ్మాలి. కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. సైలెన్సర్ మోత, ఇంజిన్ రీమ్యాప్ కొనేవాడికి గొప్పగా వినిపించినా బీమా కంపెనీకి అలా వినిపించవు. కొనేటప్పుడు కూడా ఇదే కంటితో చూడాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర అది ఏ వారంలో, ఏ ఏడాది తయారైందో చెబుతుంది. ఓడోమీటర్ 30 వేలు చూపుతుంటే టైర్లు రెండో జత ఎందుకయ్యాయో అడగాలి.

డబ్బు చేతులు మారే తీరులో చేవెళ్ల వైపు ఒక పాత అలవాటు ఇబ్బంది పెడుతుంది. భూముల బేరాలకు అలవాటైన చేతులు కారుకూ నోట్ల కట్టలే తెస్తాయి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టంలోని 269ఎస్‌టీ సెక్షన్ కింద తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు. జరిమానా తీసుకున్నవాడికే, ఇచ్చినవాడికి కాదు. కాబట్టి పాత కారు అమ్మేవాడే జాగ్రత్తపడాలి. డీలర్ దగ్గర 10 లక్షలు దాటిన కారు కొంటే 1 శాతం మూలంలో వసూలు చేసే పన్ను కూడా బిల్లులో కలవవచ్చు. అది రిటర్న్ వేసినప్పుడు తిరిగి లెక్కలోకి వస్తుంది, కానీ కొనే రోజు చేతిలో ఉండాల్సిన సొమ్మే. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చినా, తీసుకున్నా, బేరం చెడితే ఆ డబ్బు ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి.

అప్పగించే రోజున కారులోంచి తీసేయాల్సినవి కొన్ని ఉంటాయి. ఫాస్టాగ్ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటుంది గనుక దాన్ని ఇచ్చిన బ్యాంకు ద్వారానే మూయించాలి. లేకపోతే కొత్త యజమాని ఔటర్ ఎక్కినప్పుడల్లా టోల్ పాత ఖాతాలోంచే పోతుంది. పెండింగ్ చలాన్లు అదే రోజు కట్టేయాలి. 2023 డిసెంబరులో కార్లకు 60 శాతం రాయితీ వచ్చిందని, మళ్లీ వస్తుందని వాయిదా వేసేవాళ్లు పేరు మార్పు రోజున పూర్తి మొత్తం కట్టాల్సి రావచ్చు. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు గంట, నిమిషం, ఓడోమీటర్ అంకె, కొన్నవాడి గుర్తింపు కార్డు వివరాలు రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. రెండో తాళం చెవి ఇచ్చినట్టు కూడా అందులోనే రాయాలి. ఆర్సీలో పేరు మారేదాకా ఆ కాగితమూ, ఫారాల నకళ్లూ, బ్యాంకు చెల్లింపు రసీదూ అమ్మినవాడి దగ్గర భద్రంగా ఉండాలి.